మచ్చు ఎక్కడ తీశావు?

కథ ఇంతదాకా వచ్చింది: షానవాజ్ గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తా. ఉబ్బసం మనిషి. పోయిన వానాకాలంలో ఆయాసం ముదిరి ఆసుపత్రి పాలయ్యాడు. తేరుకున్నాక సొంతూరు పెదకాకానిలోనే ఉండే రాధాకృష్ణమూర్తి అనే రిటైరైన డ్రిల్లు మాస్టారి దగ్గర ప్రాణాయామం మొదలుపెట్టాడు. ఆయనతోపాటే పొద్దున్నే పరుగు. వీధి చివరిదాకా కూడా పరుగెత్తలేనివాడు చలికాలం వెళ్ళేసరికి నంబూరు దాకా వెళ్ళి వస్తున్నాడు. ఇన్‌హేలర్ మానేశాడు. వచ్చే ఆదివారం గుంటూరులో జరిగే పది కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాడు. ఇదంతా ఊపిరి సాధన ఫలమని యార్డంతా చెప్పాడు. విన్నవాళ్ళలో కొందరు మాస్టారి క్లాసులో చేరారు. ఈమధ్య అతని మొహం ఉబ్బుతోంది, నిద్ర పట్టడం లేదు. రోజూ తేనెతో నాకమని మాస్టారిచ్చిన పొడి మీద అనుమానం వచ్చి, ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే అలేఖ్యకి దాన్ని పరీక్షకిచ్చాడు. శనివారం ఆమె ఫోన్ చేసింది. పొడిలో స్టెరాయిడ్ ఉంది.

*

ఆదివారం యార్డుకి సెలవు. మధ్యాహ్నం నమాజు చదివి వచ్చి షానవాజ్ బండి తీశాడు. పొడి డబ్బాని చొక్కా జేబులో పెట్టుకుంటే ఎత్తుగా కనపడింది. తీసి బండి సీటు కింద పెట్టాడు. అక్కడ ఇంకో పొట్లం కూడా ఉంది. డాక్టరు రాసిచ్చిన బిళ్ళలు.

అలేఖ్య శనివారమే అతన్ని డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరు షుగరు చూశాడు, బుగ్గలు చూశాడు. "ఎవరు కలిపారో తర్వాత తేల్చుకోండి. ఆ పొడి ఇక ముట్టుకోవద్దు. కానీ మందు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఒళ్ళు దానికి అలవాటు పడిపోయింది. నేనిచ్చిన బిళ్ళ వేసుకోండి, మెల్లగా తగ్గిద్దాం" అన్నాడు.

ఈ సంగతి భార్య నస్రత్‌కి చెప్పలేదు. భయపడుతుందనుకున్నాడు. పొద్దున ఆమె చూస్తుండగా చెంచాతో తేనె ఒక్కటే నాకి, పొడి ఘాటెక్కినట్టు మొహం చిట్లించాడు.

మాస్టారింటికి కాలవ గట్టు మీదుగా దారి. ఒక పక్క పత్తి తీసేసిన మోళ్ళు, ఇంకో పక్క కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు. పోయిన ఏడాది ఈ దారిన ముక్కుకి తువ్వాలు కట్టుకోకుండా వెళ్ళేవాడు కాదు. ఇప్పుడు మిరప ఘాటు నేరుగా ముక్కులోకి వచ్చింది. దగ్గు రాలేదు. నిన్నటిదాకా దగ్గు రాకపోవడం చూసుకుని మురిసిపోయేవాడు. ఇవాళ వస్తే బాగుండుననిపించింది. పీలుస్తున్న ఈ ఊపిరి తనదా, డబ్బాలోదా? వచ్చే ఆదివారం పరుగెత్తేది తనా, బిళ్ళా?

మొదట అనుమానపడింది అతను కాదు, బుడాన్. యార్డులో ముఠా మేస్త్రి. టిక్కీలు, అంటే మిరపకాయల గోనె బస్తాలు, దింపే కూలీలకి పెద్ద.

"ఒరేయ్ షానా, పరిగెత్తేవాడికి బుగ్గలు లోపలికి పోవాలి గానీ బూరెల్లా పొంగుతాయంట్రా? మీ మాస్టారు గాలి పీల్చమన్నాడా, నింపుకోమన్నాడా?" అన్నాడు ఒకరోజు.

ముఠా అంతా నవ్వింది. షానవాజ్ కూడా నవ్వాడు. ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాక నవ్వు రాలేదు.

బుడాన్ చెల్లెలు కరీమున్‌కి షుగరు. షానవాజ్ చెబితేనే ఆమె క్లాసులో చేరింది. ఆమెకీ మాస్టారు పొడి డబ్బా ఇచ్చారు. షుగరు మనిషికి ఈ మందు ఏం చేస్తుందో డాక్టరుని అడిగాడు. డాక్టరు చెప్పింది విన్నాక సోమవారం దాకా ఆగడం కుదరదనుకున్నాడు.

మాస్టారు వసారాలో చాప మీద కూర్చుని పత్తి నుంచి గింజలు తీస్తున్నారు. ఏరగా చేలో మిగిలిన పత్తి కాయలు ఆయనకి రైతులు ఊరికే ఇస్తారు. క్లాసుకి కావలసింది అదే. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక పింజ ఇస్తారు. ముక్కు ఎదుట పట్టుకుని ఊపిరి వదలాలి, పింజ కదలకూడదు. పింజ కదలకుండా వదలడం వచ్చినవాళ్ళనే పరుగుకి తీసుకెళతారు. పరుగులో నోరు తెరవకూడదు. తెరవాల్సి వచ్చిందంటే వేగం తగ్గించుకోవాలి. ఆయన పద్ధతి ఇంతే. షానవాజ్‌కి పింజ ఆగడానికి దసరా దాటింది.

"రావయ్యా," అన్నారు మాస్టారు. "పొద్దున రాలేదేం? పరుగు వారంలో పెట్టుకుని ఎగ్గొడతావా?"

షానవాజ్ కూర్చోలేదు. బండి సీటు కింద నుంచి తెచ్చిన డబ్బాని చాప మీద పెట్టాడు.

"మాస్టారూ, ఇందులో ఏమేం వేస్తారు?"

"శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు. వేయించి దంచుతాం. ఎన్నిసార్లు చెప్పాను?"

"ఇంకా?"

"ఇంకేముంటుంది? దంచినవాళ్ళ చెమట."

"మందు బిళ్ళలు?"

మాస్టారి భార్య వెంకాయమ్మ మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట దగ్గర ఆగింది. గ్లాసు ఆమె చేతిలోనే ఉంది.

"ఏం బిళ్ళలు?" అన్నారు మాస్టారు.

"స్టెరాయిడ్. కాలేజీలో పరీక్ష చేశారు."

"ఆటగాళ్ళు కండలకి తీసుకుంటారని పేపర్లో రాస్తారే, అదా?"

"అది వేరే రకమట. ఇది ఆయాసాన్ని నొక్కేసే రకం. ఉబ్బసానికి పొట్లాలమ్మేవాళ్ళు కొందరు ఇలాగే కలుపుతారట. నాలుగు రోజుల్లో ఊపిరి ఆడుతుంది, పొట్లం ఇచ్చినవాడు దేవుడైపోతాడు. లోపల షుగరు పెరుగుద్ది, ఎముకలు గుల్లవుతాయి. మొహం ఇలా అవుద్ది."

మాస్టారు అతని మొహంకేసి చూశారు. చేతిలో పత్తి పక్కన పెట్టారు.

"నేను కలిపానంటావు."

"డబ్బా మీరిచ్చిందే కదండీ."

"కలిపి ఏం బావుకుంటానయ్యా? ఊరికే ఇస్తున్నానే!"

"అదే మాస్టారూ నా అనుమానం. ఊరికే ఎందుకిస్తారు? మీ సాధన పనిచేస్తుందని నలుగురికీ చూపించడానికి మీకొక మనిషి కావాలి. నేను దొరికాను. యార్డంతా తిరిగి దండోరా వేశాను."

ఈ మాట బండి మీద వస్తూ కూర్చుకున్నది. అనేశాక అతని చూపు వెంకాయమ్మ చేతిలోని గ్లాసు మీద పడింది. మజ్జిగ అడగలేకపోయాడు.

మాస్టారికి కోపం వచ్చింది. గొంతు పెంచలేదు. చెయ్యి గుమ్మం వైపు చాపారు.

"చూపించుకోవడానికి నువ్వు కావాలా నాకు? మనిషి ఇంట్లోనే ఉంది. ఈవిడ ఉబ్బసం ముందు నీది జలుబు కింద లెక్క. చలికాలమొస్తే పడుకుని నిద్రపోయింది లేదు, మంచం మీద కూర్చునే తెల్లారేది. తిప్పని ఆసుపత్రి లేదు. విసిగిపోయి ఈ ఊపిరి సాధన పట్టుకున్నాం. ఇప్పుడు చూడు. కార్తీకంలో తెల్లవారుజామునే చన్నీళ్ళు పోసుకుంటోంది. మందూ లేదు, మాకూ లేదు. ఆ పింజ, ఆ ఊపిరి. నేను క్లాసు పెట్టిందే ఈవిడని చూసి."

వెంకాయమ్మ గ్లాసు గడప పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

షానవాజ్ ఆమె వెళ్ళడం చూశాడు. ఇంట్లో మగవాడి మీద నింద పడితే ఆడమనిషి ఉండి నాలుగు మాటలంటుంది. ఈవిడ వెళ్ళిపోయింది. అంటే ఆమెకేదో తెలుసు. గోడ మీద వాళ్ళ పెళ్ళి ఫొటో ఉంది. అందులో పెళ్ళికూతురిది కోల మొహం. ఇప్పటి వెంకాయమ్మది గుండ్రం. వయసు మీద పడితే అంతే అనుకుని అతను చూపు తిప్పుకున్నాడు.

"కూర్చో," అన్నారు మాస్టారు. ఒక పింజ తీసి అతని చేతిలో పెట్టారు. "నన్ను జైల్లో వేయించు, తర్వాత. ముందు ఒకసారి ఊపిరి వదులు."

"ఇప్పుడు ఇదెందుకండీ?"

"వదులు."

షానవాజ్ చాప అంచు మీద కూర్చుని పింజ పట్టుకున్నాడు. వదిలాడు. పింజ ఊగింది. మళ్ళీ పీల్చి వదిలాడు. మళ్ళీ ఊగింది. మూడోసారి కళ్ళు మూసుకుని, లోపల ఉన్నదంతా అయిపోయేదాకా నిదానంగా వదిలాడు. కళ్ళు తెరిచేసరికి పింజ నిలబడి ఉంది.

"ఇది బిళ్ళ నేర్పిందా?" అన్నారు మాస్టారు.

అతను పింజని చాప మీద పెట్టాడు.

"సరే, ఇప్పుడు నా ప్రశ్న. పరీక్షకిచ్చింది ఈ డబ్బాలోదేనా?"

"అవునండీ."

"నా దగ్గర ఎప్పుడు తీసుకెళ్ళావు?"

"పోయిన నెల."

"అప్పట్నుంచీ ఎక్కడుంది?"

"మా వంటింట్లో. తేనె సీసా పక్కన."

మాస్టారు మళ్ళీ పత్తి చేతిలోకి తీసుకున్నారు. గింజ ఒకటి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నారు.

"యార్డులో నీ పనేంటయ్యా?"

"మీకు తెలియందేముంది? మచ్చు తీస్తాను."

"మా నాన్న వానకి తడిసిన టిక్కీలు తెచ్చిన రోజుల్నుంచి చూస్తున్నా మీ యార్డుని. రైతు ఎదుట లేకుండా టిక్కీ కోస్తారా మీరు?"

"కొయ్యం."

"కొన్న సరుకు ఒక రాత్రి వేరేవాడి కొట్టులో ఉంది. పొద్దున టిక్కీ విప్పితే రంగు పోయిన తాలుకాయ కనపడింది. రైతుని పట్టుకుంటారా?"

"పట్టుకోలేం. మధ్యలో ఎవరి చెయ్యి పడిందో తెలియదు."

"లాటులో ఒక్క టిక్కీ చూసి లాటంతా తాలంటారా?"

"అనం."

"మరి నా లాటుకి ఎందుకన్నావు? మచ్చు ఎక్కడ తీశావు?"

షానవాజ్ తల వంచుకున్నాడు. కొట్టులో చేరిన రోజున యజమాని నేర్పిన మొదటి పాఠం అది. రైతుని పక్కన నిలబెట్టుకోవాలి. వరసలో పైది ఒకటి, నడిమిది ఒకటి, అడుగుది ఒకటి లాగాలి. పక్కన కోసి, మోచేతి దాకా లోపలికి చెయ్యి పెట్టి, అక్కడి కాయ తియ్యాలి. పైన ఎర్రకాయ పరిచి లోపల తెల్లకాయ కూరినవాళ్ళని ఎందరినో ఆ చేతితోనే పట్టుకున్నాడు. ఒక్కసారి కూడా తప్పు మనిషి మీద నింద వెయ్యలేదని అతనికి పేరు. తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి నెలపాటు తన వంటింట్లో ఉన్న డబ్బాలోంచి చెంచాడు పొడి తీసి పరీక్షకిచ్చాడు.

అయినా అనుమానం మొత్తం పోలేదు. మాటకారితనంతో సరుకమ్మే రైతులనీ చూశాడు.

"ఇప్పుడు తీస్తాను మాస్టారూ. మీ ఎదుట."

"తియ్యి. కింద నుంచి తియ్యి. పైన మంచిది పరిచానంటావు మళ్ళీ."

పొడి దంచి పోసిన జాడీ వసారాలోనే బల్ల మీద ఉంది. షానవాజ్ చెయ్యి అడుగుదాకా పెట్టి చారెడు తీశాడు. కాగితంలో పొట్లం కట్టాడు. కరీమున్ డబ్బాలోంచి కూడా తీసుకుంటానన్నాడు. తీసుకోమన్నారు మాస్టారు.

"తేలిందాకా క్లాసు ఉండదు. వచ్చినవాళ్ళకి నేనే చెబుతాను. పొడిలో తేడా ఉందని షానవాజ్ అన్నాడు, ఎవరూ దాన్ని నాకవద్దని చెబుతాను. సరేనా?"

సరేనన్నాడు. ఆ మాటతో మాస్టారి మీద అనుమానం సగం కరిగింది. మిగిలిన సగాన్ని బండి దాకా మోసుకెళ్ళాడు.

డబ్బాని మళ్ళీ సీటు కింద పెట్టుకుని బండి తీస్తుంటే పెరటి దారిన వెంకాయమ్మ వచ్చింది. కొంగు భుజం మీదుగా కప్పుకుంది.

"అబ్బాయ్, నస్రత్‌కి తెలుసా ఇదంతా?"

"ఇంకా చెప్పలేదమ్మా."

"చెప్పమాక. బెదిరిపోద్ది." వసారా వైపు చూసింది. గొంతు తగ్గించింది. "మరి పొడి మానేశావా నువ్వు? ఒక్కసారిగా మానితే..."

"మానితే?"

"ఏం లేదులే. జాగ్రత్తగా ఉండు, నాయనా."

ఆమె గబగబా వెనక్కి వెళ్ళింది. షానవాజ్ కాలవ గట్టు మీద బండి ఆపాడు. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. నిన్న డాక్టరు అన్న మాట. శొంఠిపొడి మానేస్తే ప్రమాదమేమిటి? పొడిలో ఏముందో తెలిసినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ మాట అనరు. అయితే మాస్టారు నాటకమాడారు. లేదా మాస్టారికి తెలియకుండా ఆ ఇంట్లోనే ఏదో జరుగుతోంది.

*

సోమవారం యార్డులో టిక్కీలు దిగుతుండగా, ముందురోజు సాయంత్రం ఇచ్చిన రెండు పొట్లాల సంగతి చెప్పడానికి అలేఖ్య ఫోన్ చేసింది. చుట్టూ ఘాటు, తుమ్ములు, అరుపులు. షానవాజ్ కొట్టు వెనక్కి వెళ్ళాడు.

"రెండూ చూశానండీ. మాస్టారి జాడీలో ఏమీ లేదు. కరీమున్ గారి డబ్బాలోనూ లేదు. రెండూ ఉత్త శొంఠి, మిరియం, పిప్పలి."

"సరిగ్గా చూశారా?"

"మీది చూసినట్టే చూశాను. మీ డబ్బాలో ఒక్కదానిలోనే ఉంది."

అతను గోడకి ఆనుకున్నాడు.

"అలేఖ్య గారూ, ఒక మాట అడుగుతాను. నేను నంబూరు దాకా పరుగెత్తింది మందుతోనేనా?"

"మందు మీ ఆయాసాన్ని అణిచింది, అది నిజం. రోజూ పరుగెత్తితే కాళ్ళకి బలమొస్తుంది. నిదానంగా ఊపిరి వదిలే సాధనతో కూడా ఆయాసం అదుపులోకి వస్తుంది. మూడిట్లో దేని వాటా ఎంతో నా పరీక్ష చెప్పదు. డాక్టరు మందు తగ్గిస్తున్నకొద్దీ మీ ఒళ్ళే చెబుతుంది. అందాకా పరుగు సంగతి డాక్టరునే అడగండి. ఇన్‌హేలర్ మాత్రం జేబులో పెట్టుకోండి, రోషానికి పోకండి."

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి బుడాన్ టిక్కీ మీద కూర్చుని బీడీ వెతుక్కుంటున్నాడు. కరీమున్ డబ్బాలో ఏమీ లేదని చెప్పాడు. బుడాన్ రెండు చేతులూ పైకెత్తి అల్లాని తలుచుకున్నాడు. తర్వాత షానవాజ్ మొహం చూశాడు.

"మరి నీ టిక్కీలో తాలు పోసిందెవర్రా?"

షానవాజ్ లెక్క వేసుకున్నాడు. కూతురు అద్దంకిలో హాస్టల్లో చదువుతోంది. ఇంట్లో ఉండేది ఇద్దరు. అందులో ఒకడు తను.

కొట్టులో అతనికొక అలవాటుంది. కొన్న టిక్కీని వదిలి భోజనానికి వెళ్ళాల్సి వస్తే, కుట్టు మడతలో ఒక తెల్ల తాలుకాయ గుచ్చి వెళతాడు. వచ్చి చూస్తే కాయ ఉన్నచోటే ఉండాలి. కుట్టు విప్పినవాడు ఆ కాయని పట్టించుకోడు, రాలిపోనిస్తాడు.

ఆ సాయంత్రం నస్రత్ పాలకి వెళ్ళినప్పుడు షానవాజ్ డబ్బా మూత తీశాడు. పొడిని చెంచా వెనకతో చదును చేశాడు. మధ్యలో ఒక మిరప గింజ పెట్టి మూత వేశాడు. పెళ్ళాం వంటింట్లో దొంగలా గింజ పెడుతున్నందుకు సిగ్గేసింది. గింజ మాత్రం తియ్యలేదు.

మంగళవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు చదువుకుని వంటింట్లోకి వెళ్ళి చూశాడు. గింజ ఉన్నచోటే ఉంది. తేనె నాకాడు, మొహం చిట్లించాడు.

"మంచు పడుతోంది, తలకి గుడ్డ కట్టుకోండి," అంది నస్రత్.

కట్టుకున్నాడు. బూట్లు వేసుకుని బయటికొచ్చాడు. క్లాసు లేకపోయినా మాస్టారు కాలవ దగ్గర పరుగుకి వస్తారని అతనికి తెలుసు. వీధి మలుపు దాటాక ఆగాడు. రాత్రంతా కదలని గింజ పగలు కదిలితే, చెయ్యి పడేది తను ఇంట్లో లేనప్పుడే. వెనక సందులోంచి పెరటి వైపు తిరిగొచ్చాడు. బూట్లు చప్పుడు కాకుండా నడిచాడు. నోరు మూసుకుని, ముక్కుతో, పింజ ఎదుట ఉన్నట్టుగా ఊపిరి వదిలాడు. ఆ సాధన ఇందుకు పనికొస్తుందని అనుకోలేదు.

వంటింటి కిటికీ తెరిచి ఉంది. నస్రత్ పీట మీద కూర్చుని అల్లం దంచే చిన్న రోట్లో ఏదో నూరుతోంది. పక్కన డబ్బా. మూత తీసి ఉంది. రోట్లో పొడి తెల్లగా ఉంది.

షానవాజ్ పెరటి తలుపు తోశాడు.

ఆమె ఉలిక్కిపడలేదు. చేతిలో పొత్రం అలాగే పట్టుకుని చూసింది.

"ఏమన్నా మర్చిపోయారా?"

"అదేంటి?"

"ఏది?"

"నస్రత్, రోట్లో అదేంటి?"

ఆమె పొత్రం కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. దాచే ప్రయత్నం చెయ్యలేదు.

"మీరు బతికుండటానికి."

"నన్ను చంపుద్ది అది. షుగరు పెరిగింది. డాక్టరు చెప్పాడు. నా మొహం చూశావా?"

"మొహం చూశాను." ఆమె గొంతు పెరిగింది. "వానల్లో ఆటోలో మీ పెదాలు నల్లబడ్డప్పుడు కూడా చూశాను. చూసింది నేను, మీరు కాదు. మీకు ఒళ్ళు తెలీదు. తలని నా ఒళ్ళో పెట్టుకుని ఊపిరి ఆడుతుందా లేదా అని వేలు పెట్టి చూశాను. ఇంటికొచ్చి రెండు నెలలన్నా కాకుండానే పరుగన్నారు. ఇన్‌హేలర్ మానేశానన్నారు. మానొద్దంటే విన్నారా? యార్డులో పేరొచ్చింది, సాధనన్నారు, పందెమన్నారు. మీరు గేటు దాటినప్పట్నుంచి తిరిగొచ్చేదాకా నేనెక్కడ ఊపిరి పీల్చాను?"

షానవాజ్ పీట పక్కన గోడకి జారగిలబడి కూర్చున్నాడు. రెండు రోజులుగా మాస్టారి మీద కూడగట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఈమె మీద వాడటానికి ఒక్కటీ సరిపోలేదు.

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే వేసుకునేవాళ్ళా? మిరియం ఘాటులో చేదు తెలీదన్నారు. అందుకే అందులో కలిపాను."

"అన్నారా? ఎవరన్నారు?"

నస్రత్ డబ్బాకి మూత పెట్టింది.

"ఈ బిళ్ళలు నీకు ఎవరిచ్చారు?"

"చెప్పనని మాటిచ్చాను."

"నేను పోయి మాస్టారి మీద నింద వేసొచ్చాను, నస్రత్. మొహం మీదే అన్నాను. ఆయన క్లాసు మూసేశారు. చెప్పు."

ఆమె కళ్ళు రోటి మీదే ఉన్నాయి. మాటలు ఒక్కొక్కటే తీసి పెడుతున్నట్టు చెప్పింది.

"చెరుపు చెయ్యవని చెప్పింది. ఆవిడా అవే వేసుకుంటుంది. ఏళ్ళ తరబడి. ఇంట్లో ఆయనకి తెలీకుండా. తెలిస్తే ఆయన ఇంకెప్పుడూ ఎవరికీ ఏదీ నేర్పడని ఏడ్చింది."

మాస్టారింటి గోడ మీది పెళ్ళి ఫొటో షానవాజ్ కళ్ళ ముందు మెదిలింది. కోల మొహం. దాని కింద నిలబడ్డ గుండ్రటి మొహం. రోజూ అద్దంలో తను చూసుకుంటున్న బుగ్గలే అవి. మందూ లేదు, మాకూ లేదు, ఆ పింజ, ఆ ఊపిరి. మాస్టారు చెయ్యి చాపి చూపించిన మనిషి.

వీధిలో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

"షానవాజ్!" మాస్టారి గొంతు. "కాలవ దగ్గర చూసి చూసి వచ్చాను. అలేఖ్య గారు రాత్రి నాకూ ఫోన్ చేసి చెప్పారయ్యా, నా జాడీలో ఏమీ లేదని. కోపం పెట్టుకోకు, నాకూ లేదు. ఇదిగో, మా ఆవిడ కూడా వచ్చింది. నీతో ఏదో మాట్లాడాలట, రాత్రంతా నిద్రపోలేదు. తలుపు తియ్యి."

నస్రత్ రోటి మీద మూకుడు బోర్లించబోయింది. షానవాజ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. రోలు రెండు చేతులతో ఎత్తి వీధి తలుపు వైపు తిరిగాడు.

"అబ్బాయ్," అని గేటు అవతల వెంకాయమ్మ పిలిచింది. బిళ్ళలు మానేసిన మనిషిలా ఒక్క మాటకే ఆమెకి ఆయాసం వచ్చింది.